విశాఖ మీ ఊరయ్యాక: రోజువారీ జీవితాన్ని ఫొటో తీయడం ఎలా

ఉద్యోగానికో, చదువుకో, పెళ్లై అత్తారింటికో విశాఖపట్నం వచ్చి, ఈ ఊరిని వదలబుద్ధికాక ఉండిపోయేవాళ్లు చాలామంది. మొదటి నెలలో వాళ్లందరి ఫోన్లలోనూ ఒకే ఫొటోలుంటాయి. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం, కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి మీద శివపార్వతులు, దూరంగా డాల్ఫిన్ నోస్. అవి తీయాల్సినవే. కానీ రెండు రోజులు ఊరు చూసిపోయేవాళ్లు కూడా వాటిని మీ అంత బాగానూ తీయగలరు. వాళ్లకు లేనిదీ మీకున్నదీ ఒకటే: వచ్చే వారమూ మీరు ఇక్కడే ఉంటారు. కింద చెప్పే పద్ధతి మొత్తం ఆ ఒక్కదాని మీదే నిలబడింది.

ముందు ఒక్క చోటు ఎంచుకోండి

ఊరంతా తిరగాలనుకోకండి. ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో, రోజూ ఏదో ఒక పని జరిగే చోటు ఒకటి చాలు. ఎంవీపీ కాలనీలో ఉంటే రైతు బజారు. వన్‌టౌన్‌కు దగ్గరైతే పూర్ణా మార్కెట్ లేదా కురుపాం మార్కెట్ వీధులు. బీచ్ రోడ్డు వైపైతే పెదజాలారిపేట దగ్గర పడవలు ఒడ్డుకు చేరే ఇసుక. ఇవేవీ దగ్గర లేకపోతే మీ వీధి చివర టీ కొట్టు, ఇస్త్రీ బండి, టిఫిన్ బండి. వీధి చివర ఇస్త్రీ బండిలో పది ఫొటోలకు సరిపడా సరుకుంటుంది. నమ్మకంగా మొదలుపెట్టండి.

అక్కడికి వారానికి రెండుసార్లు, ఒకే సమయానికి, కనీసం పదిసార్లు వెళ్లాలి. మొదటి రెండుసార్లు కెమెరా బయటికి తీయకండి. ఏదో ఒకటి కొనండి, ఎవరు ఎప్పుడు వస్తారో చూడండి, వెలుతురు ఏ గోడ మీద పడుతోందో గమనించండి. మూడోసారి నుంచి తీయడం మొదలుపెడితే ఐదోసారికి మిమ్మల్ని గుర్తుపడతారు, ఏడో ఎనిమిదోసారికి పట్టించుకోవడం మానేస్తారు. మనకు కావలసిన ఫొటోలు ఆ తర్వాత మొదలవుతాయి. చాలామంది మూడోసారికే విసుగొచ్చి చోటు మార్చేస్తారు. కొత్తగా వచ్చినవాళ్ల ఫొటోల్లో అందరూ కెమెరా వైపే బిగుసుకుని చూస్తూ ఉండటానికి కారణం ఇదే.

విశాఖ వెలుతురు లెక్క

ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. అందుకని తీరం వెంబడి మంచి వెలుతురు ఉదయానిదే. సాయంత్రం ఐదు దాటేసరికి బీచ్ రోడ్డు పక్క భవనాల నీడ ఇసుక మీదికి వచ్చేస్తుంది. "సాయంత్రం బీచ్‌కెళ్తే బంగారు వెలుతురు" అన్న మాట పడమటి తీరాలకు చెల్లుతుంది, మనకు కాదు.

జూన్ మొదట్లో సూర్యోదయం సుమారు 5.20కి, జనవరి మధ్యలో 6.30 దగ్గర. నవంబరు ఆఖరులో 5.20కే పొద్దు గుంకుతుంది, జులైలో 6.35 దాటుతుంది. సూర్యుడు లేచే చోటు కూడా జరుగుతుంది. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడితే డిసెంబరులో దాదాపు ఎదురుగానే లేస్తాడు. జూన్‌లో బాగా ఎడమకు, కైలాసగిరి వైపుకు జరిగి లేస్తాడు. కాబట్టి వేసవిలో వెలుతురు ఒడ్డు వెంబడి ఏటవాలుగా పాకుతుంది. ఇసుకలో అడుగులు, వలల ముడులు, తాళ్ల పురులు ఆ పక్క వెలుతురులో విడివిడిగా కనిపిస్తాయి. శీతాకాలంలో వెలుతురు నేరుగా మనుషుల ముఖాల మీద పడుతుంది. వల వివరాలకు వేసవి, ముఖాలకు శీతాకాలం అనుకోండి.

మెత్తని వెలుతురు ఉండేది సూర్యోదయం తర్వాత 40, 50 నిమిషాలే. మన అక్షాంశంలో సూర్యుడు తొందరగా పైకెక్కేస్తాడు. సూర్యోదయానికి అరగంట ముందే చోటుకు చేరుకోండి. చేరాక ఒక్క అలవాటు చేసుకోండి: సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు చూడండి. నడకకు వచ్చినవాళ్లు, ఇసుకలో కబడ్డీ ఆడే పిల్లలు, కొబ్బరి బొండాలు దించుకునే ఆటో, అన్నింటి మీదా ముందు నుంచి వెలుతురు పడుతుంటుంది. అందరూ సూర్యుడిని తీస్తున్న ఆ పది నిమిషాల్లో సూర్యుడు దేని మీద పడుతున్నాడో మీరు తీయండి.

మధ్యాహ్నం 11 నుంచి 3 దాకా ఎండలో తీసిన ముఖాల మీద కళ్లకింద నల్లటి గుంటలు పడతాయి. ఆ సమయంలో టార్పాలిన్ పట్టాల కిందికి, వరండాల్లోకి, వన్‌టౌన్ పాత ఇళ్ల అరుగుల మీదికి వెళ్లండి. నీడ, ఎండ కలిసే అంచుకు రెండడుగులు లోపల నిలబడ్డ మనిషి ముఖం మీద పడే వెలుతురుకు ఏ స్టూడియో లైటూ సాటిరాదు.

కెమెరా, సెట్టింగులు

మీ దగ్గరున్న ఫోన్ చాలు. బజారులో ఫోన్‌కే ఎక్కువ సహకారం దొరుకుతుంది. దానికి చేయాల్సినవి ఇవి: గళ్ల గీతలు ఆన్ చేయండి, సముద్రపు గీత వాలిపోకుండా ఉంటుంది. రెండు వేళ్లతో జూమ్ చేయకండి, రెండడుగులు ముందుకు వేయండి. ఫోకస్ కావలసిన చోట వేలు పెట్టి రెండు సెకన్లు అదిమితే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. తర్వాత వేలు పైకీ కిందికీ జరిపి వెలుతురు సరిచేసుకోవచ్చు. వేగంగా కదిలేవాటికి బరస్ట్ (వరసగా చాలా ఫొటోలు తీసే పద్ధతి) వాడండి.

అన్నిటికంటే ముందు బ్యూటీ ఫిల్టర్ ఆపేయండి. కొన్ని ఫోన్లలో అది కొన్నప్పటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఎండలో, ఉప్పుగాలిలో నలభై ఏళ్లు పనిచేసిన ముఖాన్ని అది తెల్లగా, నున్నగా చేసేస్తుంది. ఆ ముడతలే ఆ ఫొటోకు ప్రాణం. అవి చెరిపేస్తే ఆ మనిషి మనకు మిగలదు.

కెమెరా ఉన్నవాళ్లకు 28 లేదా 35 మిల్లీమీటర్ల లెన్స్ మంచిది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా మీద 35 లెన్స్ అపర్చర్‌ను, అంటే వెలుతురు దూరే రంధ్రాన్ని, ఎఫ్/8కి పెట్టి, ఫోకస్ మూడు మీటర్ల దగ్గర చేత్తో బిగిస్తే సుమారు రెండు నుంచి ఏడు మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ఇక ఫోకస్ గురించి ఆలోచించే పని లేదు, చూడగానే నొక్కడమే. 200 మిల్లీమీటర్ల జూమ్‌తో రోడ్డు అవతలి నుంచి తీస్తే ఎవరికీ తెలియదు కదా అనిపిస్తుంది. తెలుస్తుంది. పైగా దొంగచాటుగా చూసిన చూపు ఫొటోలోకీ వచ్చేస్తుంది. దగ్గరికెళ్లి కనబడుతూ తీయండి.

షట్టర్ వేగాలు, అంటే కెమెరా రెప్ప ఎంతసేపు తెరుచుకుని ఉండాలో, గుర్తుపెట్టుకోండి. నడిచే మనుషులకు 1/250 సెకను. చేపల వేలంలో ఊగే చేతులకు 1/500. వల విసిరే క్షణానికి, అలల్లో దూకే పిల్లలకు 1/1000. ఆటో వెనక వీధి చెదిరి గీతలుగా రావాలంటే 1/30 పెట్టి, ఆటోతో పాటు నడుము తిప్పుతూ తీయాలి. ఇరవై తీస్తే రెండు వస్తాయి, అది మామూలే.

రాత్రి బళ్ల దగ్గర ఒక చిక్కుంది. బజ్జీల బండి, మురీ మిక్సర్ బండి మీద ఇప్పుడు చాలాచోట్ల ఎల్ఈడీ బల్బులే. చవక రకం బల్బులు మన 50 హెర్ట్‌జ్ కరెంటుకు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ 1/500తో తీస్తే ఫొటో మీద నల్లని అడ్డచారలు పడతాయి. షట్టర్ 1/100 లేదా 1/50కి దించండి, చారలు పోతాయి. ఐఎస్ఓ (వెలుతురును పట్టే శక్తి) 1600 నుంచి 3200 దాకా పెంచడానికి వెనకాడకండి. గింజలు గింజలుగా వచ్చినా నష్టం లేదు, చెయ్యి కదిలి చెదిరితేనే నష్టం.

సముద్రం వెనకగా ఉన్నప్పుడు మనిషి ముఖం నల్లగా వస్తుంటే, కెమెరా ఆ మెరుపును చూసి వెలుతురు తగ్గించిందని అర్థం. ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1కి పెంచండి. ఆకాశం తెల్లబోయినా ఫరవాలేదు, ముఖం ముఖ్యం.

అడగడం, మాట్లాడటం

చోటు కుదిరాక, కెమెరా తీసే ముందు మాట కలపాలి. "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ మొదలుపెట్టకండి. వయసును బట్టి అమ్మా, అక్కా, బాబాయ్, మావయ్యా అనండి. అవతలివాళ్లు మిమ్మల్ని బాబూ, పాపా, నాయనా అంటారు. ఆ పిలుపు వచ్చిందంటే సగం పని అయినట్టే.

"అమ్మా, ఓ ఫొటో తీసుకోనా?" అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది: "నాకేటి ఫొటో బాబూ, సేపల్ని తియ్యి." దీన్ని కాదనడంగా తీసుకోకండి, బతిమాలకండి. చెప్పినట్టే చేపల్ని తీయండి. తట్టలో వంజరం మీద వెలుతురు పడేలా వంగి తీసి, తెర ఆమెకు చూపించండి. చూశాక "ఇటు ఒంపుగా పెడితే బాగుంటాది" అని ఆమే చేపను సర్దుతుంది. ఆ సర్దే చేతులు, చెంగు బిగించిన తీరు, పక్కామె నవ్వు, అన్నీ అప్పుడే మొదలవుతాయి. "వద్దు" అని స్పష్టంగా అన్నా, ముఖం తిప్పుకున్నా కెమెరా దించేయండి. తర్వాతి వారమూ అక్కడే కొనండి.

పిల్లల్ని తీసేముందు పక్కనున్న పెద్దవాళ్లను అడగాలి. సముద్రంలో మునిగి తడిబట్టలతో వచ్చే ఆడవాళ్లను తీయకండి, అడిగి కూడా. తాగి పడున్నవాళ్లను, అడుక్కునేవాళ్లను తీయకండి. ఫొటోకు డబ్బులివ్వడం మంచిది కాదు. మీ తర్వాత వచ్చేవాళ్లకు ఆ చోటు పాడవుతుంది. బదులుగా ప్రింటు ఇవ్వాలి. దాని సంగతి చివర్లో.

పూర్ణా మార్కెట్‌లో ఒక ఉదయం పని

ఏడింటికి వెళ్లండి. ఆరున్నరకు సరుకు దిగుతుంటుంది, బళ్లకు అడ్డమవుతారు. తొమ్మిది దాటితే కొనేవాళ్ల రద్దీ. ఏడుకూ ఎనిమిదికీ మధ్య కొట్లవాళ్లు కాయలు పేరుస్తూ, నీళ్లు చల్లుతూ, టీ తాగుతూ ఉంటారు. వాళ్ల చేతులకు పని, నోటికి తీరిక ఉండే సమయం అదొక్కటే.

అక్కడ మీకు ఎదురయ్యే పెద్ద చిక్కు పట్టాల రంగు. తల పైన నీలం టార్పాలిన్ ఉంటే వంకాయలు నల్లబడతాయి, టమాటాలు ఊదారంగుకు తిరుగుతాయి, మనుషులు జ్వరంతో ఉన్నట్టు కనబడతారు. ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తనే రంగులు సరిచేసుకునే పద్ధతి) దీన్ని సరిచేయలేదు, ఎందుకంటే ఒక పక్క నీలం పట్టా, ఇంకో పక్క ఎండ, మధ్యలో పచ్చటి బల్బు, మూడూ ఒకే ముఖం మీద పడుతుంటాయి. మూడు దారులున్నాయి. మొదటిది, పట్టా అంచుకు వచ్చి వీధి వెలుతురు ముఖం మీద పడే కొట్టునే ఎంచుకోవడం. రెండోది, ఆ నీలాన్నే ఒప్పుకుని ఫ్రేమంతా నీలంగా నింపి, మధ్యలో ఒక్క నిమ్మకాయల గుట్టనో బంతిపూల తట్టనో ఉంచడం. మూడోది నలుపుతెలుపు. నలుపుతెలుపును చివరి దారిగానే ఉంచుకోండి. మన బజారులో సగం కథ రంగులోనే ఉంటుంది.

ఒక కొట్టు దగ్గర ఆరు ఫొటోలు లెక్కపెట్టి తీయండి. మొదటిది వీధితో సహా కొట్టు మొత్తం. రెండోది మనిషి నడుము దాకా, వెనక సరుకుతో. మూడోది చేతులు మాత్రమే, కొత్తిమీర కట్ట కడుతున్నట్టో, చిల్లర ఎంచుతున్నట్టో. నాలుగోది ఒక వస్తువు: త్రాసు, తూకపు రాళ్లు, దేవుడి పటం మీద వాడిన మల్లెలు, చెక్కపెట్టెలో నోట్లు. ఐదోది కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ మధ్య బేరం, ఇద్దరి ముఖాలూ కనబడేలా పక్క నుంచి. ఆరోది బేరం అయిపోయాక. ఈ ఆరోదాన్నే చాలామంది వదిలేస్తారు. డబ్బు తీసుకుని కళ్లకద్దుకోవడం, కొన్నామె వెళ్లిపోయాక భుజాలు సడలడం, ఇంకో చిక్కుడుకాయ అందుకుని గిల్లడం అప్పుడే కనబడతాయి. నొక్కడం ఆపేసిన తర్వాత మూడు సెకన్లు కెమెరాను అలాగే పట్టుకోండి.

త్రాసు పక్కన కెమెరా సంచీ పెట్టకండి. బోణీ కాకముందు ఫొటో అడగకండి. అడిగేది ఎంత మర్యాదగా అయినా ఆ వేళ అది వాళ్లకు చికాకే.

హార్బరు, ఒడ్డున వలలు

ఫిషింగ్ హార్బరులో వేలం తెల్లవారుజామున మొదలవుతుంది. నేలంతా నీళ్లు, మంచు ముక్కలు, చేపల జిగురు. హవాయి చెప్పులతో వెళ్తే జారిపడటం ఖాయం. అడుగున పట్టున్న రబ్బరు బూట్లు వేసుకోండి. తట్టలు మోసేవాళ్లు తప్పుకోమని అరిచేలోపే మీరు తప్పుకుని ఉండాలి. ఒక స్తంభానికి వీపు ఆనించి నిలబడితే ఎవరికీ అడ్డం రారు. తడినేల అద్దంలా పనిచేస్తుంది. కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే కింద మనుషుల నీడలు, పైన మనుషులు రెండూ వస్తాయి. వేలం పాటలో పాటదారు ముఖాన్ని వదిలి, చుట్టూ మూగిన ఆడవాళ్ల ముఖాలు చూడండి. ఎంతలో ఆపాలో వాళ్లు కళ్లతోనే మాట్లాడుకుంటారు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరంలో మర బోట్ల వేటకు నిషేధం. ఆ రెండు నెలలూ హార్బరులో ఏముంటుందిలే అని మానేయకండి. పడవలకు చెక్క మార్చడం, రంగులు వేయడం, ఇంజన్లు విప్పడం, వలలు అల్లడం అప్పుడే. అదీగాక అందరికీ మాట్లాడే తీరిక దొరికేది ఆ రోజుల్లోనే. మిగతా పది నెలలకు మీ పరిచయాలు అప్పుడే కుదురుతాయి.

ఒడ్డున అలివి వల లాగుతున్నప్పుడు రెండు బారుల మనుషులు, రెండు తాళ్లు ఉంటాయి. తాడు మీదుగా దాటకండి, వల మీద కాలు పెట్టకండి. చెప్పు బకిల్ తగులుకుంటే వల కన్ను తెగుతుంది, అది బాగుచేయడానికి వాళ్లకు గంటలు పడుతుంది. రెండు తాళ్లకూ బయట, వాలుగా నిలబడితే వంగిన వీపుల వరస అంతా ఒక్క ఫ్రేములోకి వస్తుంది. లాగడం చాలాసేపు సాగుతుంది కాబట్టి మొదట్లోనే కార్డు నింపుకోకండి. వల సంచి ఒడ్డుకు తగిలే ఆఖరి ఐదు నిమిషాలకు చోటు ముందే చూసిపెట్టుకోండి. మధ్యలో ఎవరైనా "ఓ సెయ్యెయ్యి బాబూ" అంటే కెమెరాను సంచీలో పెట్టి తాడు పట్టుకోండి.

తీయకూడని చోట్లు

విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. నేవల్ డాక్‌యార్డు, నౌకాదళ నివాసాల గేట్లు, ఐఎన్ఎస్ డేగా (నౌకాదళ విమాన స్థావరం), ఓడరేవు లోపలి భాగం, ఇవేవీ తీయకూడదు. వన్‌టౌన్‌లో రాస్ హిల్ మీదికి వెళ్తే ఓడల దారి బాగా కనబడుతుంది. కొండ మీద ప్రార్థనకు వచ్చేవాళ్లను, మెట్లను అనుమతితో తీసుకోండి, రేవు వైపు, యుద్ధనౌకల వైపు లెన్స్ తిప్పకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నిషిద్ధ ప్రాంతాల ఫొటో ఆ చట్టం కిందికి వస్తుంది. కాపలావాళ్లు ఆపితే వాదించకండి, తీసినవి చూపించి వాళ్లముందే చెరిపేయండి. డ్రోన్ సంగతైతే, డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడకుండా ఎగరేయకండి. నేవీ వాళ్ల పిల్లల స్కూలు బస్సు, నేవీ విన్యాసాలు చూడటానికి బీచ్‌కు వచ్చే జనం, ఇలాంటివి ఊరి జీవితంలో భాగమే. జనాన్ని తీయండి.

గుళ్లలో గర్భాలయాల ఫొటోలు వద్దు. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి మార్గశిర గురువారాల్లో వచ్చే జనం, వీధి పొడవునా క్యూలు, పసుపు కుంకుమల కొట్లు, ఇవన్నీ గుడి బయటే ఉన్నాయి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టే ఫొటో అందరూ తీస్తారు. ఆ దారిలో మీ ఇల్లుంటే మీ గేటు దగ్గరే కూర్చోండి. మంచినీళ్లు, మజ్జిగ పంచే పక్కింటివాళ్లు, అరుగు మీద కాళ్లు చాపుకున్న ముసలాయన, తెల్లవారేసరికి చెప్పుల్లేని పాదాలు. ఆ ఊరేగింపును ఇంట్లోంచి చూడగలిగేది ఊళ్లో ఉన్నవాళ్లే.

ఉప్పు, చెమ్మ

ఇక్కడ కెమెరాలను పాడుచేసేవి రెండు: ఉప్పుతుంపర, బూజు. బీచ్ నుంచి రాగానే లెన్స్‌ను పొడిగుడ్డతో రుద్దకండి, ఉప్పురేణువులు గాజును గీస్తాయి. ముందు బ్లోయరుతో ఊదాలి, తర్వాత మంచినీళ్లతో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో కెమెరా ఒంటిని, లెన్స్ క్లీనర్ చుక్కతో గాజును తుడవాలి. ఫోన్ లెన్స్ మీద కూడా అరగంటలో పలచని పొర పడుతుంది. ఫొటోలు మసకగా, దీపాల చుట్టూ వలయాలతో వస్తున్నాయంటే కారణం అదే. ఇసుక మీద లెన్స్ మార్చవద్దు.

ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తెస్తే గాజు మీద నీటిపొర కడుతుంది. బయల్దేరే ముందు కెమెరాను జిప్ కవరులో పెట్టి, గాలి తీసి మూసి, బయట వరండాలో 20 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. వేడి సమానమయ్యాకే కవరు తెరవండి. ఆత్రపడి తుడిస్తే లోపలి గాజుల మీది తేమ అలాగే ఉండిపోతుంది, బూజుకు దారి అదే.

నిల్వకు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, 200 గ్రాముల సిలికా జెల్, చిన్న తేమ మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నీలం గింజలు గులాబీరంగుకు తిరిగితే మందపాటి మూకుట్లో సన్నమంట మీద వేయించి మళ్లీ వాడుకోవచ్చు. ఆ మూకుడును మళ్లీ వంటకు వాడకండి. వానలో పాల కవరుకు చిల్లు చేసి లెన్స్ దూర్చి రబ్బరు బ్యాండు వేస్తే చాలు.

ఏరడం, రాసిపెట్టడం

తీసిన రోజు ఏరకండి. వారం ఆగండి, తీసేటప్పటి కష్టం మర్చిపోయాక ఫొటో ఎలా ఉందో కనబడుతుంది. వందలో ఐదు మిగిల్చినా ఎక్కువే. కానీ మిగతావాటిలో వీధి, చెట్టు, కొట్టు బోర్డు, బస్సు స్టాపు స్పష్టంగా ఉన్నవి పారేయకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిని తాకినప్పుడు చెట్లు వేలల్లో కూలాయి. అంతకుముందు ఏ వీధి ఎంత నీడగా ఉండేదో ఇవాళ చూపించగలిగేవి, అప్పట్లో ఎవరో చెట్టు కోసం కాకుండా ఇంకెందుకో తీసిన మామూలు ఫొటోలే.

ఫోల్డరు పేరు సంవత్సరం, నెల, తేదీ, చోటు వరుసలో పెట్టండి. ప్రతి మంచి ఫొటోకు ఆరోజే రెండు వాక్యాలు రాయండి: ఎక్కడ, ఎన్నింటికి, ఏం పని, ఆ వస్తువును వాళ్లు ఏమంటారు. ఆ చేపలు కానాగంతలా, కవళ్లా, చందువా అన్నది రెండేళ్ల తర్వాత మీకు గుర్తుండదు. పనిముట్ల పేర్లు అడిగి, వాళ్లు పలికినట్టే రాసుకోండి. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో. డిస్కును కూడా ఆ సిలికా జెల్ డబ్బాలోనే పెట్టండి.

ప్రింట్లు ఇవ్వడం

ఫొటో తీసినవాళ్లకు వాట్సాప్‌లో పంపితే పంపినట్టే గానీ, ఇచ్చినట్టు కాదు. ప్రింటు వేయించండి. 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లు, 8×12కు 2400×3600 ఉంటే బాగా వస్తాయి. ల్యాబుకు ఫైలును పెన్‌డ్రైవులో గానీ, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా గానీ ఇవ్వండి. ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది. వెలుగుతున్న తెర మీద చూసినదానికన్నా కాగితం మీద ముదురుగా వస్తుంది, కాబట్టి ముఖాలను కాస్త తేలికపరచి ఇవ్వండి. "ఆటో కరెక్షన్ వద్దు" అని ల్యాబువాళ్లకు చెప్పండి, లేకపోతే చామనఛాయ ముఖాలను వాళ్ల యంత్రం పాలిపోయేలా చేస్తుంది. మొదటిసారి ఒక్కటే వేయించి చూసుకుని, తర్వాత మిగతావి.

వెనకవైపు తేదీ, చోటు రాయండి. బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపుకు గీతలు పొడుచుకొస్తాయి, సిరా కూడా ఆరదు. సన్న పర్మనెంట్ మార్కరుతో రాసి రెండు నిమిషాలు ఆరనివ్వాలి. చేపల బజారులో ఇచ్చేవైతే ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టండి, అక్కడ ఎవరి చేతులూ పొడిగా ఉండవు.

బేరం నడుస్తున్నప్పుడు ఇవ్వకండి. పని సద్దుమణిగాక, కూర్చున్నప్పుడు ఇవ్వండి. అదనంగా ఒక కాపీ చేతిలో ఉంచుకోండి, "మా సిన్నదానికి కూడా ఒకటి" అన్న మాట తప్పకుండా వస్తుంది.